జామాయిల్ చెట్టు ఎత్తు: డ్రోన్ ఫొటో ఒకటి చెప్పింది, టేపు ఒకటి చెప్పింది (ప్రాజెక్టు డైరీ)

తోట మా మేనమామది. ప్రకాశం జిల్లా, టంగుటూరు దగ్గర. రెండెకరాల క్లోన్ జామాయిల్, నాలుగేళ్ల వయసు, 3 × 2 మీటర్ల ఎడం, 23 సాళ్లు, ఖాళీలు పోను 1,300కి కాస్త తక్కువ చెట్లు. బేరానికి వచ్చినాయన "నలభై అడుగులు దాటవు" అన్నాడు. మామయ్య "యాభైకి అంగుళం తగ్గదు" అన్నాడు. ఫిబ్రవరి మధ్యలో కోత ఖాయమైంది. కోశాక చెట్టు ఎలాగూ నేలమీద పడుకుంటుంది కాబట్టి టేపుతో అసలు ఎత్తు తేలిపోతుంది. ఆలోపే ఫొటోల్లోంచి ఎత్తులు తీసి రాసి పెట్టుకుంటే ఫొటో ఎంత తప్పిందో లెక్క దొరుకుతుంది.

వాడినవి: 250 గ్రాముల లోపు డ్రోన్ (సెన్సర్ వెడల్పు 6.3 మి.మీ., ఫోకల్ లెంగ్త్ 4.49 మి.మీ., ఫొటో 4000 × 3000 పిక్సెళ్లు), 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్, వెబ్‌ఓడీఎం (ఫొటోలను కలిపి 3డీ మోడల్ చేసే సాఫ్ట్‌వేర్), క్యూజీఐఎస్ (మ్యాప్‌ల సాఫ్ట్‌వేర్). డ్రోన్ నా దగ్గర ముందే ఉంది, దాన్ని ఖర్చులో వేయలేదు. డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ ఊరు గ్రీన్ జోన్, 120 మీటర్ల వరకు ఎగరేయొచ్చు. నాకు 60 చాలు.

దశ 1: నేలమీంచి కొలత (జనవరి 11, 12)

ముందు ఫోన్‌లో క్లైనోమీటర్ (వాలు కోణం కొలిచే) యాప్‌తో మొదలుపెట్టి అరగంటలో వదిలేశాను. ఒకే చెట్టును మూడుసార్లు చూస్తే 13.1, 14.4, 13.7 వచ్చాయి. చేతిలో ఫోన్ నిలవదు. 15 మీటర్ల దూరంలో నిలబడి 45 డిగ్రీల దగ్గర చూసేటప్పుడు ఒక్క డిగ్రీ పొరపాటు చేస్తే ఎత్తు 52 సెం.మీ. మారిపోతుంది.

తర్వాత స్కూలు కోణమానినికి దారం, దారానికి పాత నట్టు కట్టి, చూడటానికి పైన స్ట్రా అంటించాను. గాలికి నట్టు ఊగుతోందని నీళ్ల చెంబులో ముంచి పట్టుకుంటే కుదురుకుంది. చెంబు పట్టుకోవడానికి మామయ్య కొడుకు.

చేసిన క్రమం:

1. గట్టు వైపు మొదటి మూడు సాళ్లలో 24 చెట్లకు తెల్ల పెయింటుతో నంబర్లు.
2. చెట్టు మొదలు నుంచి 15 మీ. టేపు.
3. కొసకు ఒక కోణం, మొదలుకు ఒక కోణం. రెండు టాన్ విలువలు కలిపి 15తో గుణించాలి.
4. వంగిన చెట్టును వంపుకు అడ్డంగా పక్కనుంచి చూడాలి.

నాలుగోది రెండో రోజు చేర్చింది. 5వ చెట్టు నావైపు ఇంచుమించు మీటరు వంగి ఉంది. కొస నాకు 14 మీటర్ల దూరంలో ఉంటే నేను 15 వేసి లెక్క కట్టాను, ఎత్తు దాదాపు మీటరు పెరిగింది. పక్కకు జరిగి చూస్తే తగ్గింది.

లోపలి సాళ్ల చెట్లకు ఈ పద్ధతి పనికిరాదు. తోట మధ్యలో నిలబడి తల ఎత్తితే ఆకులు తప్ప కొస కనపడదు. మనం కొస అనుకునేది సగం సార్లు పక్క చెట్టు కొమ్మే. ఫొటోల అవసరం ఉన్నది ఇక్కడే.

ఇప్పటిదాకా: చెట్లు 24, ఫొటోలు 0, ఖర్చు రూ. 685 (30 మీ. ఫైబర్ టేపు 480, కోణమానిని, దారం 45, పెయింటు, కుంచె 160).

దశ 2: నీడతో (జనవరి 18, ఉదయం)

ఒకే ఫొటోలోంచి ఎత్తు తీయడానికి పాత దారి నీడ. నీడ పొడవును సూర్యుడి కోణం టాన్‌తో గుణించడమే. తోటలో నీడలు ఒకదానిమీద ఒకటి పడతాయి కాబట్టి గట్టు మీది ఒంటి తాటిచెట్లు రెండు ఎంచుకున్నాను.

మొదటి తాడి వృథా. దాని నీడ కొస పక్క చేలో పొగాకు ఆకుల మీద పడింది. ఆకులు నేలకు అర మీటరు పైనుంటే చెట్టు అర మీటరు పొట్టిదైపోతుంది. రెండో తాడి నీడ దున్నిన నేలమీద చదునుగా పడింది.

ఆ తాడి అసలు ఎత్తు తెలియాలి. రోజూ దానిమీద కల్లు గీసే బాబాయిని అడిగాను, టేపు కొస పట్టుకుని ఎక్కుతావా అని.

"కల్లు దింపమనేవాళ్లే గానీ చెట్టును కొలవమన్నోణ్ణి నిన్నే చూస్తున్నా అబ్బాయ్" అంటూ టేపు రింగును నడుముకు దోపుకుని, మోకు బిగించి, నేను నోట్‌బుక్ తెరిచేలోపు సగం ఎక్కేశాడు. మట్టల మొదలు దగ్గర రింగు పట్టుకున్నాడు. కింద నేను లాగి చదివితే 11.76. అక్కణ్ణుంచి గుర్తులు గీసిన వెదురు కర్రను మొవ్వు కొస దాకా నిలబెట్టాడు, 1.40. దిగాక టేపు చూస్తే అసలు సంగతి తెలిసింది. మా టేపుకు సున్నా గీత రింగు చివర లేదు, రింగు దాటాక 9 సెం.మీ. దగ్గర ఉంది. కాబట్టి మొదటి కొలత 11.85, మొత్తం 13.25 మీ. దశ 1లో రాసుకున్న 15 మీటర్ల దూరాలన్నీ కూడా 9 సెం.మీ. తప్పేనన్నమాట. మళ్లీ లెక్క కట్టుకోవాల్సి వచ్చింది. కొత్త టేపు కొన్నవాళ్లు ముందు సున్నా ఎక్కడుందో చూడండి.

ఫొటోలో నీడ పొడవు 18.70 మీ. ఆ పూటంతా రాసుకున్న టైమ్ ఒక్కటే, డ్రోన్ లేచిన 9:22. ఆ వేళకు సూర్యుడు 33.4 డిగ్రీలు, ఎత్తు 12.33 వచ్చింది. 92 సెం.మీ. తక్కువ. బుర్ర గోక్కుని ఫొటో వివరాలు తెరిస్తే, అది తీసింది 9:30కి. ఆ 8 నిమిషాల్లో సూర్యుడు ఒకటిన్నర డిగ్రీ పైకి వెళ్లాడు. 34.9 డిగ్రీలతో లెక్క కడితే 13.05. తేడా 20 సెం.మీ.కి దిగింది.

ఆ మిగిలిన 20ని తగ్గించలేకపోయాను. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం. పైనున్న మొవ్వు కొస నుంచి నీడ పడే చోటికి ఏటవాలుగా 23 మీటర్లు. అంత దూరం వచ్చేసరికి నీడ అంచు నేలమీద 37 సెం.మీ. మేర మసకబారుతుంది. ఆ మసకలో కొస ఎక్కడని వేలు పెట్టాలో ఎవరికి వాళ్లు నిర్ణయించుకోవాల్సిందే.

నీడ పద్ధతి ఒంటి చెట్లకు బాగుంది. ఈ తోటకు పనికిరాదు, వదిలేశాను.

ఇప్పటిదాకా: ఫొటోలు 6, ఖర్చు రూ. 1,185 (బాబాయికి 500).

దశ 3: రెండు ఫొటోలు, ఒక చెట్టు (జనవరి 18, మధ్యాహ్నం)

డ్రోన్ కొంచెం జరిగి రెండో ఫొటో తీస్తే, దగ్గరగా ఉన్న కొస ఎక్కువ జరిగినట్టు, దూరంగా ఉన్న నేల తక్కువ జరిగినట్టు కనిపిస్తుంది. ఆ జరుగుడే పారలాక్స్. మొదలు జరుగుడును కొస జరుగుడులోంచి తీసేసి, ఆ తేడాను కొస జరుగుడుతో భాగించి, డ్రోన్ ఎత్తుతో గుణిస్తే చెట్టు ఎత్తు.

పాతకాలంలో విమానం ఫొటోల మీద స్టీరియోస్కోప్ పెట్టి, పారలాక్స్ బార్‌తో చేసింది ఇదే. 1966లో డెహ్రాడూన్‌లో ఇండియన్ ఫొటో ఇంటర్‌ప్రెటేషన్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది ఇలాంటి పనులు నేర్పడానికే. 152 మి.మీ. లెన్స్‌తో 1:10,000 స్కేలు ఫొటో అంటే విమానం 1,520 మీ. ఎత్తులో ఉన్నట్టు. 230 మి.మీ. ఫొటోల మధ్య 60 శాతం ఓవర్‌లాప్ (రెండింటిలోనూ కనిపించే భాగం) ఉంటే బేస్, అంటే ఒక ఫొటో నుంచి రెండోదానికి జరుగుడు, ఫొటో మీద 92 మి.మీ. అక్కడ చెయ్యి 0.05 మి.మీ. తప్పితే చెట్టు ఎత్తు 83 సెం.మీ. తప్పుతుంది. అర మిల్లీమీటరులో పదోవంతుకు ఇంత! ఆ రోజుల్లో కళ్లద్దాల మీద వంగి పనిచేసినవాళ్లను తలుచుకుంటే నా మౌస్ క్లిక్కులు చిన్నపిల్లల ఆట.

నా లెక్క: 60 మీ. ఎత్తులో ఒక పిక్సెల్ నేలమీద 2.1 సెం.మీ. ముందు ఓవర్‌లాప్ 80 శాతం పెట్టాను, వరుస ఫొటోల మధ్య దూరం 12.6 మీ. ఒక పిక్సెల్ తప్పితే ఎత్తులో 10 సెం.మీ. తేడా రావాలి. బాగానే ఉందనుకున్నాను.

1వ చెట్టుకు మొదలు పారలాక్స్ 590 పిక్సెళ్లు, కొస 761. తేడా 171. ఎత్తు 13.48. అదే చెట్టుకు తర్వాతి జంట ఫొటోల్లో 14.60 వచ్చింది. మూడో జంటలో 13.9. చెట్టు ఒకటే, పది సెకన్లలో మూడు ఎత్తులు.

అనుమానం గాలి మీదికి పోయింది. పరీక్ష చిన్నది:

1. తోట మీద డ్రోన్‌ను కదలకుండా నిలబెట్టాలి.
2. రెండు సెకన్లకొకటి చొప్పున 10 ఫొటోలు.
3. గట్టు మీది రాయి, చెట్టు కొస ఎంతెంత జరిగాయో పిక్సెళ్లలో చూడాలి. రాయి జరుగుడు డ్రోన్‌ది, దాన్ని తీసేస్తే మిగిలింది చెట్టుది.

మధ్యాహ్నం ఒంటిగంటకు కొసలు 11 పిక్సెళ్ల దాకా ఊగాయి. ఆ ఎత్తులో అది 17.5 సెం.మీ. కింద నిలబడితే గాలి ఉందని కూడా అనిపించదు. కానీ రెండు ఫొటోల మధ్య కొస 17.5 సెం.మీ. ఊగితే ఆ ఊపు కూడా పారలాక్స్‌లోనే కలుస్తుంది. లెక్కలో దానికి డ్రోన్ నుంచి కొసకు ఉన్న దూరం 45.4ను ఫొటోల మధ్య దూరం 12.6తో భాగించినంత గుణింపు, అంటే ఎత్తులో 63 సెం.మీ. తప్పు. ఊపు డ్రోన్ వెళ్లే దిక్కుకే ఉంటే చెట్టు పొట్టిదవుతుంది, ఎదురుగా ఉంటే పొడుగవుతుంది.

మార్చినవి: ఇక ఉదయం 8 లోపే ఎగరేయాలి. ఓవర్‌లాప్ పెంచి ఒక్కో కొసకు ఎక్కువ ఫొటోలు దొరికేలా చూడాలి.

ఇంకో తప్పు ఇక్కడే తగిలింది. డ్రోన్ చూపించే 60 మీ. అది లేచిన చోటు నుంచి. నేను లేపింది బోరు దిమ్మె మీంచి. దిమ్మె ఆ చెట్ల మొదళ్లకన్నా 90 సెం.మీ. ఎత్తు. అంటే అసలు 60.9. పైగా దిగాక స్క్రీన్ మీద ఎత్తు సున్నా చూపించలేదు, −1.2 చూపించింది. గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్పే బారోమీటర్ దారిలో జారిపోయింది. 60లో మీటరు తప్పితే 15 మీటర్ల చెట్టుకు 25 సెం.మీ. తప్పు.

ఇప్పటిదాకా: ఫొటోలు 104, ఖర్చు అంతే.

దశ 4: నేల ఎక్కడుంది? (జనవరి 19 నుంచి 24)

88 ఫొటోలను వెబ్‌ఓడీఎంలో వేశాను. మొదటిసారి ర్యామ్ చాలక మధ్యలో ఆగిపోయింది. ఫొటోలను సగానికి తగ్గించి రాత్రంతా వదిలితే పొద్దుటికి అయింది. పైభాగం మ్యాప్‌లోంచి నేల మ్యాప్ తీసేస్తే చెట్ల ఎత్తు మ్యాప్ రావాలి.

వచ్చింది. గట్టు దగ్గర చెట్లు 13 మీ., తోట నడుమ చెట్లు 3.1 మీ.

మామయ్య స్క్రీన్ చూసి, "అల్లుడూ, ఇది తోటా, మిరప చేనా?" అన్నాడు.

కారణం నేల మ్యాప్. ఈ సాఫ్ట్‌వేర్ నేలను వెతకడానికి ఎస్‌ఎమ్‌ఆర్‌ఎఫ్ అనే ఫిల్టర్ వాడుతుంది. దాని విండో (ఒకసారికి చూసే మేర) మామూలుగా 18 మీ. అంతకన్నా వెడల్పైన వస్తువును అది నేలే అనుకుంటుంది. ఇల్లో, ఒంటి చెట్టో అయితే 18 చాలు. ఇక్కడ కొమ్మలు కలిసిపోయిన తోట అడ్డంగా 70 మీ. మధ్యలో ఎక్కడా నేల కనిపించదు. ఆకుల పైకప్పునే నేలగా తీసుకుంది.

విండో 60 చేస్తే నడుమ 11 మీ. దగ్గరికి వచ్చింది. 90 చేస్తే 13.2. కానీ 90 దగ్గర గట్టు, కాలవ రెండూ చెరిగి నేల తప్పుగా చదునైంది. అంకెలు నాకు నచ్చేదాకా మీట తిప్పుతూ కూర్చుంటే అది కొలత కాదు. ఆపేశాను.

ఆ తర్వాత మేస్త్రీలు ఇల్లు కట్టేటప్పుడు వాడే పైపు లెవెల్ తెచ్చాను. 20 మీటర్ల పారదర్శక పైపు, నిండా నీళ్లు, రెండు చివర్లలో ఇద్దరు. బోరు దిమ్మె పైభాగం 100.00 మీ. అనుకుని సాళ్ల మధ్యగా తోటలోపల 9 చోట్ల నేల మట్టం తీశాం. మొదటి రోజు ఒకచోట ఒక్కసారిగా 11 సెం.మీ. తేడా వచ్చింది. పైపులో గాలి బుడగ. పైపును భుజాన వేసుకుని చివరి నుంచి చివరికి తడుముకుంటూ బుడగను బయటికి తోలి మళ్లీ మొదలుపెట్టాం. నీళ్లలో కాస్త సిరా కలిపితే బుడగ ఇట్టే కనిపిస్తుందని ఊళ్లో మేస్త్రీ చెప్పాడు. ముందే అడిగుంటే ఒక పూట మిగిలేది.

చుట్టూ తిరిగి మళ్లీ దిమ్మె దగ్గరికి వస్తే ముగింపు తేడా 3 సెం.మీ. తూర్పు నుంచి పడమరకు నేల 62 సెం.మీ. వాలు.

చెట్టు ఎత్తు అనగానే అందరి కళ్లూ కొస మీదే. నాకు ఈ ప్రాజెక్టులో సగం టైమ్ తిన్నది మొదలు.

ఇప్పటిదాకా: ఫొటోలు 104, నేల బిందువులు 9, ఖర్చు రూ. 1,525 (పైపు 340).

దశ 5: మంచు, బస్తాలు (జనవరి 25, ఫిబ్రవరి 2)

జనవరి 25, ఉదయం 7:20. గాలి లేదు. 172 ఫొటోలు. ఇంటికొచ్చి చూస్తే ఒక్కటీ పనికిరాదు. పొగమంచు లెన్స్ మీద తడిగా పట్టింది. మధ్యలో ఒకసారి కిందికి దించి తుడిచినట్టయితే సరిపోయేది. ఫోన్ స్క్రీన్ మీద అంత చిన్న బొమ్మలో మసక కనపడదు. ఇప్పుడు మొదటి వరుస కాగానే దించి, ఫొటోను పెద్దది చేసి చూశాకే రెండోది.

ఫిబ్రవరి 2, 7:35. పల్చటి మబ్బు, నీడలు లేవు, మంచు లేదు. ఎగిరే ముందు చేసినవి:

1. ఖాళీ యూరియా బస్తాలు 6 తిరగేసి, మీద నల్ల పెయింటుతో గుణకారం గుర్తు వేసి, గట్ల మీద రాళ్లతో అదిమిపెట్టాను.
2. బస్తాల మట్టాలు పైపుతో తీశాను.
3. రెండు దూరపు బస్తాల మధ్య టేపు పట్టాను: 68.40 మీ.
4. ఓవర్‌లాప్ ముందుకు 85, పక్కకు 80 శాతం. నేల దగ్గర ఇంత పెట్టినా 15 మీ. ఎత్తున్న కొసల దగ్గర తగ్గిపోతుంది. కొసకు డ్రోన్ 45 మీ. దూరంలోనే ఉంటుంది కదా. నేలకు 80 పెడితే కొసలకు 73 మిగులుతుంది.
5. ఒకేచోట నిలబెట్టి మళ్లీ 10 ఫొటోల ఊగుడు పరీక్ష: ఈసారి 2 పిక్సెళ్లు.
6. నిట్టనిలువుగా 172, కెమెరాను వాలుగా తిప్పి 46 ఫొటోలు.

ఆరోదాని కారణం: అన్ని ఫొటోలూ కిందికే చూస్తే మోడల్ మధ్యలో ఉబ్బి గిన్నె బోర్లించినట్టవుతుంది. వాలు ఫొటోలు లేకుండా ఒకసారి నడిపి చూశాను. తోట మధ్యకు దగ్గర్లో ఉన్న బస్తా పైపు మట్టానికి 40 సెం.మీ. పైకి తేలింది. వాలువి కలిపాక 6 సెం.మీ.కి వచ్చింది.

మోడల్‌లో బస్తాల దూరం 68.87 వచ్చింది. టేపు 68.40. అంటే మోడల్ 0.7 శాతం పెద్దది. ఎత్తులన్నిటినీ 1.007తో భాగించాను. చెట్టుకు 10 సెం.మీ. ఇక్కడే సర్దుకుంది.

ఇంకొక మార్పు. పైభాగం మ్యాప్ 5 సెం.మీ. గళ్లుగా వస్తుంది, ఖాళీలు పూడ్చి నునుపు చేస్తుంది. సన్నటి కొసలు ఆ నునుపులో కలిసిపోతాయి. మ్యాప్ వదిలేసి పాయింట్ క్లౌడ్ (మోడల్‌లోని 3డీ చుక్కల గుంపు) తెరిచి, ఒక్కో చెట్టుకు అన్నిటికన్నా పైనున్న చుక్క తీసుకున్నాను. సగటున 15 సెం.మీ. పెరిగింది.

సరదాకు పారలాక్స్ లెక్క కూడా మళ్లీ చేశాను, ఈసారి ఒక ఫొటో వదిలి ఒకటి (దూరం 18.84 మీ.). 1వ చెట్టు: మొదలు 882, కొస 1153. డ్రోన్ ఎత్తు 60.9 వేస్తే 14.31.

ఇక్కడ దొరికిన పెద్ద పొరపాటు సాళ్ల లెక్కలో. ఫొటోలో మూడో సాలులో 14వది అనుకున్న చెట్టు నేలమీద 15వది. మధ్యలో చచ్చిపోయిన మొక్క ఖాళీని పైనుంచి పక్క చెట్టు కొమ్మలు కప్పేశాయి. ఆ వరుసలో 6 చెట్లు ఏది ఏదో తేల్చలేక కొట్టేశాను. మళ్లీ చేస్తే గట్టు చివరినుంచి లెక్కపెట్టుకుంటూ పోను. పైనుంచి స్పష్టంగా కనిపించే పెద్ద ఖాళీల పక్క చెట్లకే నంబర్లు వేస్తాను.

ఇప్పటిదాకా: చెట్లు 24లో 18, ఫొటోలు 504, ఖర్చు రూ. 1,525.

దశ 6: కోత (ఫిబ్రవరి 15, 16)

ముఠా పొద్దున్నే ఆరింటికే దిగింది. నేను ఏడింటికి వెళ్లేసరికి నా నంబర్ చెట్లు రెండు ముక్కలై, బెరడు వలిచి ఉన్నాయి. 16 మిగిలాయి. ముఠా మేస్త్రీకి టీ, టిఫిన్ నా ఖాతాలో రాయించుకుని, నంబరున్న చెట్టు పడగానే రెండు నిమిషాలు ఆగమని ఒప్పించాను. మిషను ఆగితే ఆయనకు నష్టం, ఆయన ముఖంలో అది కనపడుతూనే ఉంది.

పడిన చెట్టును కొలవడం అంటే టేపు పరిచి చదవడమే అనుకున్నాను. మొదటి చెట్టుకే మూడు సంగతులు తెలిశాయి. మోడు నేలమీద 10 నుంచి 15 సెం.మీ. ఉండిపోతుంది, అది కలపాలి. మొదట్లో రంపం తిన్న పొట్టు ఒక సెంటీమీటరు. అన్నిటికన్నా ముఖ్యం, చెట్టు పడేటప్పుడు కొస విరిగి ఎగిరిపోతుంది. 11వ చెట్టు కొస ఆరు మీటర్ల అవతల ఇంకో చెట్టు కొమ్మల్లో దొరికింది. విరిగిన చోట రెండు ముక్కల చీలికలు కలిపి చూసుకున్నాను, అతికాయి. చివరి 90 సెం.మీ. పెన్సిలంత సన్నం, దానికి ఏడెనిమిది లేత ఆకులు. 2.1 సెం.మీ. పిక్సెల్‌కు ఈ పుల్ల ఎలా ఆనుతుంది?

నాలుగు చెట్ల కొసలు ఎంత వెతికినా దొరకలేదు. అవీ పోయాయి. చివరికి 12.

ఇప్పటిదాకా: చెట్లు 12, ఖర్చు రూ. 2,165 (టీ, టిఫిన్లు 640).

దశ 7: లెక్కలు (ఫిబ్రవరి 23)

కోత తర్వాత ఖాళీ నేలమీద మళ్లీ 96 ఫొటోలు. ఇప్పుడు నేల మ్యాప్ అసలుది. రెండు మోడళ్లనూ బోరు దిమ్మె, కల్వర్టు, హద్దు రాయి దగ్గర కలిపాను. జీపీఎస్ ఎత్తులను నమ్మితే రెండు మోడళ్ల మధ్య 4 మీటర్ల తేడా ఉంది. రెమ్మల కుప్పలు ఉన్నచోట్ల నేల అబద్ధం చెప్తుంది, అవి పక్కనపెట్టాను. పైపుతో తీసిన 9 మట్టాలతో పోలిస్తే పెద్ద తేడా 14 సెం.మీ. ఖాళీ నేలమీద డ్రోన్ ఎగరేసే వీలు లేనివాళ్లకు పైపు లెవెల్ చాలు.

పన్నెండు చెట్లు, మీటర్లలో (టేపు, ఫొటో, తేడా):

1. 14.62, 14.14, −0.48
2. 15.10, 14.49, −0.61
3. 13.85, 13.50, −0.35
4. 14.98, 14.46, −0.52
5. 15.74, 14.84, −0.90
6. 12.40, 12.95, +0.55
7. 14.33, 13.92, −0.41
8. 15.26, 14.60, −0.66
9. 13.12, 12.84, −0.28
10. 14.80, 14.23, −0.57
11. 16.05, 15.01, −1.04
12. 14.15, 13.76, −0.39

సగటు తేడా −0.47 మీ. తేడాల వర్గాల సగటుకు వర్గమూలం 0.60.

6వ చెట్టు విడిగా చూడాల్సింది. చుట్టూ పొడుగు చెట్లు, మధ్యలో అణిగిపోయిన పొట్టి చెట్టు. నేను దాని కొస అనుకుని తీసిన చుక్క పక్క చెట్టు కొమ్మది. అది కొలత తప్పు కాదు, ఎవరి కొలత ఎవరికి రాశానన్న తప్పు. దాన్ని తీసేస్తే మిగిలిన 11 చెట్లకు సగటు −0.56, దాని చుట్టూ చెదురు 0.22 మాత్రమే. అంటే ఫొటో ప్రతిసారీ ఒకే వైపుకు, దాదాపు ఒకేలా తక్కువ చెప్తోంది. 56 సెం.మీ. కలిపేస్తే మిగిలే తప్పు జానెడు. పొడుగు చెట్లకు (5, 11) ఎక్కువ తప్పింది, వాటి కొసలు మరీ సన్నం.

ఈ 56 నా డ్రోన్‌కు, ఈ ఎత్తుకు, ఈ క్లోన్‌కు. మీరు తీసుకెళ్లి సరుగుడు తోటకు కలపొద్దు. కోతకు ముందు పది చెట్లు ముందుగా పడగొట్టి మీ అంకె మీరు తీసుకోండి. ఎంచుకునేటప్పుడు పొడుగువి, పొట్టివి రెండూ ఉండాలి.

1వ చెట్టుకు చేత్తో చేసిన పారలాక్స్ 14.31 కదా, సాఫ్ట్‌వేర్ 14.14 కన్నా దగ్గరగా ఉంది. ఒక్క చెట్టుతో పొంగిపోవడానికి లేదు గానీ, నా కన్ను ఆ లేత ఆకులను ఫొటోలో పట్టుకుంది, సాఫ్ట్‌వేర్ పారేసింది.

బేరం సంగతి: టేపు సగటు 14.53 మీ., అంటే 47.7 అడుగులు. బేరగాడు నలభై అన్నాడు, మామయ్య యాభై అన్నాడు. అయినా కర్ర కాటా మీద టన్నుల్లోనే అమ్ముడుపోయింది, అడుగులు ఎవరూ అడగలేదు.

మొత్తం: ఫొటోలు 600, పనికొచ్చిన చెట్లు 12, ఖర్చు రూ. 2,165.

దశ 8: దిమ్మె (మార్చి 8)

మోళ్లకు పిలకలు వచ్చాక వచ్చే పంటకు ఈ నేల మ్యాప్ మళ్లీ పనికొస్తుంది. ఒక్కసారి ఎగరేస్తే చాలు, కొసలు దొరుకుతాయి, నేల ముందే ఉంది. అంతా బోరు దిమ్మె 100.00 అన్న ఒక్క అంకె మీద ఆధారపడి ఉంది.

గురువారం రాత్రి మామయ్య ఫోన్ చేశాడు. "బోరు దిమ్మె బీటలిచ్చింది అల్లుడూ, రేపు పగలగొట్టి కొత్తది పోయిస్తున్నా."

శనివారం దాకా ఆపమన్నాను. సణిగాడు, ఆపాడు. పొద్దున్నే పైపు పట్టుకుని వెళ్లి, దిమ్మె నుంచి హద్దు రాయికి మట్టం మార్చాను. రెండుసార్లు తీశాను, సిరా నీళ్లతో. రాయి పైభాగం 99.46.